నాన్నగారి క్యాసెట్ డెక్ తిరగడం లేదు, ఆయన రికార్డింగులన్నీ దాంట్లోనే చేసినవి. ఎక్కడ మొదలుపెట్టాలి?

సత్యనారాయణపురం వాసి:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సత్యనారాయణపురం. మా నాన్నగారు భజన మండలిలో పాడేవారు, హార్మోనియం వాయించేవారు. 1980ల చివర్లో మా మామయ్య గల్ఫ్ నుంచి వస్తూ ఒక జపాన్ క్యాసెట్ డెక్ తెచ్చిచ్చాడు. దానికి రెండు మైకులు పెట్టి ఇంట్లో జరిగిన భజనలు, మా నాయనమ్మ పాడిన మేలుకొలుపులు, అత్తల పెళ్లిపాటలు అన్నీ నాన్నగారే రికార్డ్ చేశారు. పొద్దున్నే విజయవాడ రేడియోలో వచ్చే భక్తిరంజని కూడా రేడియో నుంచి వైరు కలిపి చాలా క్యాసెట్లలోకి ఎక్కించుకున్నారు.

ఆయన పోయాక డెక్కు, దాని ఆంప్లిఫయరు అటకెక్కాయి. ఈమధ్య ఇల్లు సర్దుతూ దింపాం. డెక్‌కి కరెంటు ఇస్తే లైటు వెలుగుతోంది, ప్లే నొక్కితే లోపల మోటారు చప్పుడు వినిపిస్తోంది కానీ క్యాసెట్ కదలదు. ఆంప్లిఫయరుకి ఇంకా కరెంటు ఇవ్వలేదు, భయమేసి ఆగాను. క్యాసెట్లు ఓ పెద్ద అట్టపెట్టె నిండా ఉన్నాయి, కొన్నిటి లోపల రీలు అంచుల మీద తెల్లగా బూజులా కనిపిస్తోంది.

గవర్నర్‌పేటలో ఒక షాపులో చూపిస్తే "వీటికి సామాను రాదండీ, ఇది పారేసి యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, కంప్యూటర్‌లోకి ఎక్కించేసుకోండి" అన్నారు. నిజంగా అంతేనా? డెక్ బాగుచేయించడం అవసరమా, లేక ఆ చిన్న ప్లేయర్ సరిపోతుందా? నాయనమ్మ గొంతు ఉన్నది ఈ క్యాసెట్లలోనే, ఇంకెక్కడా లేదు. అందుకే చెయ్యి పెట్టడానికి ముందే అడుగుతున్నాను.

బ్రాడీపేట సర్వీస్:

నేను గుంటూరులో టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్ల సర్వీసు చేసేవాణ్ణి, ఇప్పటికీ తెలిసినవాళ్లవి చేసిపెడుతుంటాను. అన్నిటికంటే ముందు ఒక్కటి చెప్తాను, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ డెక్ పారేయకండి. దాని హెడ్ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) పక్కన స్ప్రింగుతో ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని మీరు తిప్పకండి, ఏ మెకానిక్‌నీ తిప్పనివ్వకండి.

కారణం ఏంటంటే, హెడ్ ముఖం మీద కంటికి ఆనని సన్నటి నిలువు గీత లాంటి గ్యాప్ ఉంటుంది. టేపు నడిచే దారికి అది సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు మాత్రమే నడుస్తుంది కాబట్టి 10,000 హెర్ట్జ్ శబ్దం టేపు మీద ఎక్కినప్పుడు ఒక్కో అల పొడవు 5 మైక్రాన్లు కూడా ఉండదు. అంత చిన్నదాన్ని చదవాలంటే గ్యాప్ వెంట్రుకవాసి వంగినా తాళాల మోత, స, శ లాంటి అక్షరాల స్పష్టత, హార్మోనియం పైస్థాయి అన్నీ దుప్పటి కప్పినట్టు అయిపోతాయి. ఇక మీ విషయంలో అసలు సంగతి: నాన్నగారు రికార్డ్ చేసిన రోజుల్లో ఆ డెక్ హెడ్ కొంచెం వంకరగానే ఉందనుకోండి, రికార్డింగూ అదే వంకరతో ఎక్కింది, మళ్లీ అదే హెడ్ చదివితే సరిగ్గా కలుస్తుంది. వేరే ఏ మెషీన్ అయినా, ఎంత ఖరీదైనదైనా, దాని హెడ్‌ని ఈ క్యాసెట్లకి తగ్గట్టు తిప్పుకోవాల్సిందే. మీ ఇంటి క్యాసెట్లకి మీ ఇంటి డెక్కే సరైన జోడీ.

ఆ చిన్న యూఎస్‌బీ ప్లేయర్ల గురించి. ఇప్పుడు వచ్చే చవక ప్లేయర్లలో ఎక్కువ వాటిలో ఒకే తరహా చైనా మెకానిజం ఉంటోంది. లోపల ఫ్లైవీల్, అంటే వేగాన్ని నిలకడగా ఉంచే చక్రం, తేలిక, అందుకే వేగం నిలకడగా ఉండదు, సాగదీసి పాడే రాగం వణుకుతుంది. సినిమా పాటలు కాలక్షేపానికి వినాలంటే చాలు. నాయనమ్మ గొంతు ఒక్కసారి ఎక్కించి దాచుకోవాలంటే చాలదు.

మీ డెక్ జబ్బు నూటికి తొంభై పాళ్లు బెల్టే. మోటారు తిరుగుతోంది, క్యాప్‌స్టన్ (టేపుని ముందుకి నడిపే సన్నటి ఇరుసు) తిరగడం లేదంటే మధ్యలో రబ్బరు బెల్టు వదులైపోయి ఉంటుంది, లేదా కరిగి తారులా అంటుకుపోయి ఉంటుంది. మన ఎండలకి అటక మీద పెట్టినవాటిలో ఎక్కువగా కరిగిపోవడమే చూశాను. ఆ నల్లటి జిగురు బట్టలకి తగిలితే పోదు, చేతికి గ్లోవ్స్ వేసుకోండి. పుల్లీ, ఫ్లైవీల్ మీద ఉన్నదంతా ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఇయర్ బడ్స్ పెట్టి ఓపికగా తుడవండి, కొంచెం కూడా మిగలకూడదు. మెడికల్ షాపు స్పిరిట్ వద్దు, అందులో నీళ్లూ వేరేవీ కలుస్తాయి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మేచోట 99 శాతం ఐపీఏ సీసా దొరుకుతుంది, అదే తెచ్చుకోండి.

కరిగిన బెల్టుని కొలవలేరు కాబట్టి అది తిరిగే దారి వెంబడి పుల్లీల చుట్టూ దారం వేసి కొలవండి. వచ్చినదానికి ఓ 6 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు కావాలి. దారం 240 మిల్లీమీటర్లు వస్తే 225 దగ్గర తీసుకోండి. ఫ్లైవీల్‌కి సాధారణంగా బల్లపరుపు బెల్టు, రీలు చుట్టే పక్కకి చదరపు బెల్టు ఉంటాయి, రెండూ మార్చండి. ఆఫీసు రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి, దాని మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, పాట ఊగుతుంది. బెజవాడలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో కొలతల ప్రకారం అమ్ముతున్నారు. సామాను రాదన్న మాట బెల్టుల విషయంలో నిజం కాదు.

ఎలాగూ విప్పారు కాబట్టి హెడ్, క్యాప్‌స్టన్ కూడా ఐపీఏతో తుడవండి. టేపుని క్యాప్‌స్టన్‌కి అదిమిపట్టే రబ్బరు పించ్ రోలర్‌ని తడిబడ్‌తో ఒకసారి తిప్పి తుడిచి వెంటనే ఆరనివ్వండి, నానబెట్టొద్దు. అది గాజులా మెరుస్తూ గట్టిగా ఉంటే మార్చాలి. చాలామంది రోలర్ వల్లే రీలు నలిగిందనుకుంటారు కానీ, తరచుగా జరిగేది వేరు: రీలు చుట్టుకోవాల్సిన పక్క ఇరుసు జారిపోతుంటుంది, క్యాప్‌స్టన్ మాత్రం టేపుని ముందుకి తోస్తూనే ఉంటుంది, వెళ్లే చోటు లేక టేపు రోలర్‌కి చుట్టేసుకుంటుంది. అందుకే బెల్టులు మార్చగానే నాన్నగారి క్యాసెట్ పెట్టకండి. ఇంట్లో పనికిరాని సినిమా పాటల క్యాసెట్ ఒకటి పెట్టి రెండువైపులా పూర్తిగా తిరగనివ్వండి, మొదట్లోనూ చివర్లోనూ కుడి ఇరుసు సరిగ్గా లాగుతోందో లేదో దగ్గర కూర్చుని చూడండి.

ఆంప్లిఫయరుకి నేరుగా కరెంటు ఇవ్వకుండా ఆగడం చాలా మంచి పని. ఏళ్లతరబడి కరెంటు ఎరగని ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలో (ఛార్జిని నిల్వ ఉంచే భాగాల్లో) లోపలి ఆక్సైడ్ పొర పలచబడిపోతుంది, ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే వేడెక్కి పేలే అవకాశం ఉంది. పాత మెకానిక్‌లందరూ వాడే సిరీస్ బల్బు పద్ధతే వాడండి, అంటే లైన్‌లో వరసగా ఒక 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి దాని గుండా కరెంటు ఇవ్వడం. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్పీకర్లు కలపకండి, వాల్యూమ్ సున్నాలో పెట్టండి. ఆన్ చేయగానే బల్బు ఒకసారి వెలిగి మసకబారితే పర్వాలేదు, అలా కొంతసేపు వదిలేయండి. కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే తీసేసి తెలిసినవాళ్లకి చూపించండి. అసలు మొదలుపెట్టే ముందు వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉంటే అది 220-240 మీద ఉందో లేదో చూడండి, గల్ఫ్ నుంచి వచ్చినవాటిలో 110 కూడా ఉంటుంది. కరెంటు పనుల్లో చెయ్యి తిరగకపోతే ఇది మీరు ఒంటరిగా చేయకండి, కండెన్సర్లలో ఛార్జి ప్లగ్ తీశాక కూడా ఉంటుంది.

క్యాసెట్ల సంచి:

పైన ఆయన మెషీన్ గురించి చెప్పారు, నేను క్యాసెట్ల గురించి చెప్తాను. మాది మొగల్రాజపురం, చుట్టాలవి, స్నేహితులవి పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించిపెడుతుంటాను.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి క్యాసెట్ పై అంచులో రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, అవి విరిచేయండి. అవి లేకపోతే డెక్‌లో రికార్డ్ బటన్ దిగదు. పాత డెక్‌తో తంటాలు పడేటప్పుడు ఎవరి వేలైనా ఎర్ర బటన్ మీద పడితే నాయనమ్మగారి పాట మీద నిశ్శబ్దం ఎక్కిపోతుంది, దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

బూజు పట్టినవాటిని వేరే డబ్బాలో పెట్టండి, మిగతావాటితో కలపకండి, డెక్‌లో అసలు పెట్టకండి, అది హెడ్‌కి అంటుకుని అక్కడి నుంచి మంచి క్యాసెట్లకి పాకుతుంది. పొడిగా ఉండే గదిలో సిలికా జెల్ సంచులతో కొన్నాళ్లు ఉంచితే బూజు ఎండి పొడిలా మారుతుంది. అప్పుడు మూతికి మాస్కు కట్టుకుని, ఆరుబయట, స్క్రూలు విప్పి మెత్తటి బ్రష్‌తో రీలు అంచుల మీద దులపండి. స్క్రూలు లేకుండా అతికించేసిన క్యాసెట్లయితే డొక్కుని, అంటే పై ప్లాస్టిక్ పెట్టెని, జాగ్రత్తగా పగలగొట్టి రీళ్లు రెండూ స్క్రూల డొక్కులోకి మార్చాలి. రీలుకి వెనక ఉండే చిన్న స్పాంజ్ ప్యాడ్ ఊడిపోయి ఉంటే శబ్దం వచ్చిపోతుంటుంది, దానికి కూడా డొక్కు మార్చడమే సులువు. టేపు తెగితే మామూలు సెల్లో టేపు అతికించొద్దు, దాని జిగురు వేడికి పక్క చుట్లకి పాకుతుంది. తెగిన రీలు అతికించడానికే చేసిన స్ప్లైసింగ్ టేపే వాడాలి.

చాలా ఏళ్లు కదలని రీలుని వెంటనే ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకండి. ముందు పెన్సిల్ పెట్టి చేత్తో కాస్త తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదని తెలిశాక మామూలు ప్లేలోనే ఒకవైపు పూర్తిగా నడపండి. ముఖ్యంగా 90 నిమిషాల క్యాసెట్లతో జాగ్రత్త. 60 నిమిషాల దాంట్లో టేపు మందం 18 మైక్రాన్ల దాకా ఉంటే 90 దాంట్లో 12 మాత్రమే, 120 అయితే ఇంకా పలచన, లాగితే సాగిపోతుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు డెక్ వెనక లైన్ అవుట్ నుంచి నేరుగా ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే చిన్న పెట్టె) ఇవ్వండి, దానికి ఆంప్లిఫయరు బాగుపడేదాకా ఆగక్కర్లేదు. ల్యాప్‌టాప్ మైక్ జాక్‌లో పెట్టకండి, చాలావాటిలో అది మోనో, పైగా గరగర. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి వేవ్ ఫైల్‌గా దాచండి, గంట క్యాసెట్‌కి సుమారు ఒక జీబీ అవుతుంది. ఎంత గట్టిగా పాడినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. టేపు బుస తగ్గించే డాల్బీ బి బటన్ విషయంలో క్యాసెట్ అట్ట మీద నాన్నగారు ఏమైనా గుర్తు పెట్టారేమో చూడండి. పెట్టకపోతే ఆఫ్‌లోనే ఎక్కించండి, తర్వాత ఏదైనా చేసుకోవచ్చు. గరగర తీసేసే సాఫ్ట్‌వేర్లు అసలు ఫైల్ మీద ఎప్పుడూ వాడకండి, కాపీ మీద వాడుకోండి.

కేబుల్ కుర్రాడు:

ఇంత శ్రమ అవసరమా అన్నా? ఊళ్లో స్టూడియోకి ఇచ్చేస్తే వాళ్లే సీడీలో రాసిస్తారుగా.

క్యాసెట్ల సంచి:

ఇవ్వొచ్చు తమ్ముడూ, కానీ వాళ్ల డెక్ హెడ్ ఈ క్యాసెట్లకి కలపాలి, ఒక్కోదాన్నీ చెవితో విని సరిచేయాలి. అట్టపెట్టె నిండా క్యాసెట్లకి అంత ఓపిక ఎవరు పెడతారు? ఎవరి నాయనమ్మో వాళ్లకే ఆ ఓపిక ఉంటుంది. పైగా సీడీ కాదు, హార్డ్ డిస్క్‌లో రెండుచోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

సింగ్‌నగర్ అక్క:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఇంట్లో కింది బీరువా మునిగింది, అందులో మా ఆయన చిన్నప్పటి క్యాసెట్లు ఉన్నాయి. ఆరబెట్టి కవర్లో కట్టి ఉంచాం, ఇప్పటిదాకా ఆడించలేదు. ఏమైనా మిగిలి ఉంటుందా?

క్యాసెట్ల సంచి:

మిగిలే ఉంటుంది అక్కా. తడిసినంత మాత్రాన టేపు మీద అయస్కాంతంగా ఎక్కింది చెరిగిపోదు, ప్రమాదమంతా లోపల మిగిలిన ఒండ్రుమట్టితో. ఆ మట్టితో ఆడిస్తే గరుకు కాగితంతో గీసినట్టే. ముందు ఆ కవర్ విప్పి గాలి తగలనివ్వండి, ప్లాస్టిక్‌లో కట్టి ఉంచితే బూజు పెరుగుతుంది. డొక్కు విప్పి రీళ్లు తీసి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో మట్టి పోయేదాకా మెల్లగా కడిగి, నీడలో ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరబెట్టి, కొత్త డొక్కులోకి మార్చాలి. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రైయర్ అసలే వద్దు. ముందు పెద్దగా విలువ లేని ఒకదాని మీద చేసి చూడండి.

వయొలిన్ టీచర్, గాంధీనగర్:

ఇంతమంది చెప్పారు కానీ వేగం సంగతి ఎవరూ ఎత్తలేదు. సంగీతం క్యాసెట్లకి అది చాలా ముఖ్యం. కొత్త బెల్టు వేశాక టేపు నడిచే వేగం కాస్త మారొచ్చు. 6 శాతం వేగంగా తిరిగితే శ్రుతి అర మెట్టు పైకి వెళ్లిపోతుంది, ఒకటిన్నర శ్రుతిలో పాడినాయన రెండులో పాడినట్టు వినిపిస్తుంది, గొంతు కూడా సన్నబడి మనిషే మారిపోయినట్టు ఉంటుంది. మా విద్యార్థులు పాత కచేరీ క్యాసెట్లు తెచ్చి ఇది ఏ శ్రుతి అని అడిగినప్పుడల్లా నేను ముందు అడిగేది ఏ మెషీన్ మీద విన్నారని.

చాలా డెక్‌లలో మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి వేగం సరిచేస్తారు. టెస్ట్ క్యాసెట్ ఉంటే దాంట్లోని 3150 హెర్ట్జ్ ధ్వనిని ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో చూసి సరిచేయడం మంచిది. లేకపోతే ఇంటర్నెట్‌లో కొందరు, రికార్డింగులో లీలగా వినిపించే కరెంటు 'గూ' శబ్దాన్ని 50 హెర్ట్జ్‌కి సరిచేసుకోమంటారు. మన క్యాసెట్లకి అది నమ్మొద్దు. 1990లలో మన దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలిచేది కాదు, 48 దాకా కూడా పడిపోయేది, దాన్ని 50కి లాగితే పాట అంతా పైకి పోతుంది. మీకు అంతకన్నా మంచి కొలమానం ఇంట్లోనే ఉంది కదా, నాన్నగారి హార్మోనియం. అది ఇంకా ఉంటే, ఆ రికార్డింగుల్లో వాయించింది అదే అయితే, దాని మధ్యస్థాయి షడ్జమం ఫోన్‌లో కొలిచి రాసుకోండి, క్యాసెట్లో అదే మెట్టు ఎంత పలుకుతోందో చూడండి. హార్మోనియం రీడ్లు కూడా ఏళ్ల మీద కాస్త కదులుతాయి కానీ అర మెట్టు కదలవు. భక్తిరంజని క్యాసెట్లకి ఇది కుదరదు, వాటికి డెక్ వేగం సరిగ్గా ఉందని నమ్ముకోవడమే.

ఇంకో మాట. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, భక్తిరంజనిలో వచ్చిన ఎన్నో కీర్తనలు, తత్వాలు ఇళ్లలో ఇలా ఎక్కించుకున్న క్యాసెట్లలో వెతికితే దొరుకుతాయి. వాటిని నాయనమ్మ పాటల తర్వాత అయినా సరే తప్పకుండా ఎక్కించండి, అట్టల మీద తేదీలు ఉంటే ఫైల్ పేరులోనే రాయండి.

సత్యనారాయణపురం వాసి:

అందరికీ చాలా చాలా థాంక్స్. బ్రాడీపేట సర్వీస్ గారూ, మీరన్నట్టే బెల్టు నల్లగా కరిగిపోయి ఫ్లైవీల్‌కి అతుక్కుపోయి ఉంది. తుడిచి, దారంతో కొలిచి, కొలతకి దగ్గర బెల్టులు తెప్పించి వేయించాను. డెక్ తిరుగుతోంది. ముందు ఒక పాత సినిమా క్యాసెట్ రెండువైపులా నడిపాం, ఎక్కడా నలగలేదు. హెడ్ స్క్రూ ఎవరూ ముట్టుకోలేదు. హార్మోనియం మా చెల్లెలి ఇంట్లో తెనాలిలో ఉంది, ఈ ఆదివారం తెస్తోంది, అది వచ్చేదాకా నాన్నగారి క్యాసెట్లు ఎక్కించడం మొదలుపెట్టను. పలకలన్నీ విరిచేశాను.

ఆంప్లిఫయరు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని సిరీస్ బల్బు మీద ఆన్ చేశాం, బల్బు మసకబారింది, తర్వాత నేరుగా ఇచ్చినా బాగానే ఉంది. రెండు సమస్యలు మిగిలాయి. వాల్యూమ్ తిప్పితే గరగరమని ఎడమ స్పీకరు వచ్చిపోతోంది. రెండోది, ల్యాప్‌టాప్‌కి కలిపినప్పుడు సన్నటి గూ వినిపిస్తోంది, కలపకపోతే లేదు. కండెన్సర్లన్నీ మార్చేయమంటున్నారు ఒకాయన, మార్చనా?

బ్రాడీపేట సర్వీస్:

చాలా సంతోషం అండీ. అన్నీ ఒకేసారి మార్చొద్దు. పని చేస్తున్న బోర్డు మీద అన్ని కండెన్సర్లూ ఊడదీసి పెడితే పాత రాగి రేకులు లేచిపోతాయి, లేని జబ్బులు వస్తాయి. ల్యాప్‌టాప్ కలిపినప్పుడే గూ వస్తోందంటే అది ఎర్త్ లూప్ (రెండు మెషీన్ల ఎర్త్‌లు కలవడం వల్ల వచ్చే చప్పుడు), ఆంప్లిఫయరు తప్పు కాదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ తీసేసి బ్యాటరీ మీద నడుపుతూ వినండి, పోవాలి. రికార్డింగు అలాగే చేసుకోండి. ఏమీ కలపకుండా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా గూ వస్తే అప్పుడు పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు రెండు మార్చాలి. వాటి మీద రాసిన మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల రకం అడగండి.

వాల్యూమ్ గరగరకి ప్లగ్ తీసేసి, కంట్రోల్ వెనక ఉన్న చిన్న సందులో ఎలక్ట్రానిక్స్‌కి అని రాసి ఉన్న కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి బాగా తిప్పండి. సైకిల్ చెయిన్‌కి కొట్టే స్ప్రేలు వాడకండి. ఎడమ స్పీకరు అప్పటికీ వచ్చిపోతుంటే డెక్‌లో రికార్డ్ స్విచ్ చూడాలి. పొడుగ్గా బోర్డు మీద ఉంటుంది, ఏళ్లతరబడి కదలక దాని పిన్నులు నల్లబడతాయి. అదే క్లీనర్ కొట్టి, క్యాసెట్ పెట్టకుండా, లోపలి రికార్డ్ లీవర్‌ని చేత్తో చాలాసార్లు నొక్కి వదలండి, కరెంటు ఉండకూడదు.

ఒక ఉపకారం చేయండి. మీ డెక్ మోడల్ నంబరు, వేసిన బెల్టుల చుట్టుకొలత, వెడల్పు ఇక్కడ రాసిపెట్టండి. అదే డెక్ మన జిల్లాల్లో ఇంకా చాలా ఇళ్ల అటకల మీద ఉంది, వాళ్లు దారంతో కొలిచే పని తప్పుతుంది.